పలక మీద ఎనిమిది గీతలు

ఇల్లు, వంటింటి గట్టు మీద నుంచి
శనివారం సాయంత్రం

అక్కకి,

నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను కాబట్టి ఇందులో తప్పులుంటే అవి నీవే. ఇంత పొడుగు ఉత్తరం రాసే తీరిక నాకు ఎప్పుడూ దొరకలేదు. ఇప్పుడు కావలసినంత దొరికింది.

సోమవారం పొద్దున నాన్నా నేనూ మామూలుగానే పనికి వెళ్లాం. చాక్లెట్ ఫ్యాక్టరీ గేటు వేసి ఉంది. గేటుకి అట్ట, అట్ట మీద కాగితం. మర గదివాళ్లూ, మా పొట్లాల గదివాళ్లూ అందరూ దాని ముందు దేవుణ్ణి చూసినట్టు నిలబడ్డారు. చదివేవాళ్లు లేరు. కాపలా తాత కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానన్నాడు. ఆయనకి అద్దాలూ లేవు, చదువూ లేదు, ఆ సంగతి అందరికీ తెలుసు. నాన్న నా వీపు మీద చెయ్యేసి ముందుకి తోశాడు. "జరగండి, మా చిన్నది చదువుతుంది" అన్నాడు.

బడి మెట్టు ఎక్కనిదాన్ని నేను. కూడబలుక్కుని చదివాను. "ఈ నెల ఒకటో తేదీ నుండి ఫ్యాక్టరీ తాత్కాలికంగా మూసివేయడమైనది."

"తాత్కాలికంగా అంటే?" అన్నాడు నాన్న. నీ హాస్టలు గది తాత్కాలికం అని ఒకసారి రాశావుగా, అందువల్ల ఆ మాట నాకు తెలుసు. కొన్నాళ్లకే అని చెప్పాను. అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. పొట్టి మేస్త్రి మాత్రం "ఎన్నాళ్లకో రాయలేదేం?" అని సణిగాడు. నాన్న గొంతు పెంచాడు. "మా పెద్దది హెడ్డాఫీసులో టైపు కొడుతుంది. అబద్ధమైతే అది కొట్టనిస్తుందా?" అన్నాడు. అందరూ ఇళ్లకి మళ్లారు.

పోయిన శనివారం అలవాటుగా ఇచ్చే విరిగిన ముక్కలకి బదులు తలా ఒక పెద్ద చాక్లెట్ పలక ఇచ్చారు, ఇటుకంత ఉంది. ఎందుకంత ధర్మం చేశారో అప్పుడు అర్థం కాలేదు. నాన్న దాని మీద కత్తితో ఎనిమిది గీతలు గీశాడు, శనివారానికి ఒకటి. "గీతలు అయిపోయేలోగా మర తిరుగుతుంది" అన్నాడు. నానమ్మ, "ఒరేయ్, నీ చిన్నప్పుడు పలక కొనిపెడితే ఒక్క గీత గీయలేదు, ఇప్పుడు గీస్తున్నావా" అంది.

ఇవాళ మొదటి గీత వరకు గీకి, ఆ పొడి పాలలో కలిపి నల్లపాలు కాచాడు. ఐదు కప్పులు పోశాడు. నీ నీలం కప్పు కూడా. ఎప్పటిలాగే నీ వాటా నేనే తాగాను, లావెక్కితే పాపం నీదే.

ఎప్పుడు తెరుస్తారో ఆఫీసులో కనుక్కుని రాయమన్నాడు.

నీ చెల్లెలు

*

ప్రధాన కార్యాలయం, టైపు గది
భోజనాల వేళ

చిన్నదానికి,

ఉత్తరం అందింది. తప్పులు మూడే ఉన్నాయి. నా దగ్గర చదువుకున్న దానివి మరి.

ఎప్పుడు తెరుస్తారన్నది మాలాంటి వాళ్లకి చెప్పరు. పై నుంచి వచ్చిన కాగితం చూసి కొట్టడమే మా పని. నాన్నతో అలాగే చెప్పు. ఇంకో మాట కూడా చెప్పు. ఇరవై ఏళ్లు మర తిప్పిన చెయ్యి ఖాళీగా ఉండకూడదు. వేరే చోట ఎక్కడైనా పని ఉంటే చూసుకోవడంలో తప్పు లేదు. మర గదిలో పనిచేసినవాడికి రుబ్బే పని ఎక్కడైనా రుబ్బే పనే. ఇది నేను నొక్కి చెప్పానని చెప్పు.

నిన్న హాస్టల్లో నల్లపాలు కాచాను. కొట్టులో చాక్లెట్ పొడి కొన్నాను. నాన్న చేసేటప్పుడు వెయ్యిసార్లు చూశాను కదా, అదేం పని అనుకున్నాను. తొందరలో పొడిని నేరుగా వేడి పాలలో వేసేశాను. ఉండలు కట్టింది. ఎంత తిప్పినా ఉండ ఉండగానే ఉంది, పైన పొడి, లోపల పొడి, మధ్యలో జిగురు. ముందు వేడినీళ్లు రెండు చెంచాలు పోసి, ముద్దగా మెదిపి, ఆ తరువాతే పాలు కొంచెం కొంచెంగా పోయాలని అప్పుడు గుర్తొచ్చింది. ఒకసారి ఉండ కట్టాక ఇంక విడదని నాన్న ఎప్పుడూ అనేవాడు. ఉప్పు ఎంత వేసేవాడు? రెండు వేళ్లతోనా, మూడు వేళ్లతోనా? అడిగి రాయి.

అమ్మ మోకాలు ఎలా ఉంది? నానమ్మకి నా నమస్కారాలు, కొంచెం గట్టిగా అరిచి చెప్పు.

వేరే పని సంగతి మరిచిపోవద్దు.

అక్క

*

ఇల్లు, వీధి గుమ్మం
రెండో గీత అయిన మర్నాడు

అక్కకి,

ఉప్పు రెండు వేళ్లతో. "మూడు వేళ్లు అడిగిందా? ఆఫీసులో కూర్చుని అది వంట మరిచిపోయింది" అని నాన్న నవ్వాడు. నవ్వడం చూసి చాలా రోజులైంది, అందుకే ముందు అదే రాశాను.

వేరే పని నీ నోటి చలవ వల్లే వచ్చిందనుకో. ఏటి అవతల సబ్బుల కంపెనీవాళ్లు మర తిప్పడం తెలిసినవాళ్లు కావాలని మన వీధికి వచ్చారు. నాన్న పేరు ఎవరో చెప్పారట, నేరుగా మన గుమ్మంలోకే వచ్చారు. కుర్చీ వేశాను. వయసు ఎక్కువే అయినా అనుభవం చూసి తీసుకుంటాం, ఈ నెలాఖరులోగా చేరాలి, తరువాత చోటు ఉండదు అన్నారు. అమ్మ తలుపు వెనక నుంచి చేతులు జోడిస్తోంది, నాన్నకి కనబడేలా.

నాన్న ఏమన్నాడో తెలుసా? "మాది తాత్కాలికమండీ. రేపో మాపో తెరుస్తారు. అప్పుడు నేను లేకపోతే నా మర కొత్తవాడి చేతిలో పడుతుంది, రాళ్లు అరిగిపోతాయి" అన్నాడు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొట్టి మేస్త్రి వాళ్ల వెంట వెళ్లిపోయాడు. "నమ్మకం లేని మనిషి" అన్నాడు నాన్న.

అమ్మ ఊరుకోలేదు. "సబ్బుకి కంపు ఉండదు కదా, చెయ్యి శుభ్రంగానే ఉంటుంది కదా, ఏమిటండీ మీ పట్టుదల?" అంది. "కాగితం మీద రాసిచ్చారే. మనకి ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా రాసిచ్చారా?" అన్నాడు నాన్న. అమ్మ చేతులు దులుపుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

రోజూ పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్తాడు. ఇప్పుడు ఇంకో పిచ్చి. ఆ కాగితం చూసి అక్షరాలు దిద్దుతున్నాడు. సుద్దముక్క జేబులో పెట్టుకుంటాడు, గేటు పక్క గోడ మీద రాస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి నా ముందు గచ్చు మీద రాసి చూపిస్తాడు. వేరే మాట ఏదీ వద్దంటాడు, ఆ ఒక్కటే. కానీ క వత్తు మరిచిపోతాడు. ప్రతిసారీ "తాతాలికంగా" అని వస్తుంది. నానమ్మ నన్ను చదివి వినిపించమంది. విని, "తాతాలికమా? నువ్వు తాతవైపోయావని రాసుకున్నావురా" అంది. పెళ్లికాని కూతుళ్లని ఇద్దరిని పెట్టుకుని తాత ఎలా అవుతానని నాన్న. అందరం నవ్వాం.

నువ్వు మాత్రం ఒక మాట దాస్తున్నావనిపిస్తోంది. నొక్కి చెప్పానని రాశావు. నువ్వు ఎప్పుడూ నొక్కి చెప్పవు, సర్ది చెబుతావు. ఏదైనా తెలిస్తే నెలాఖరులోగా రాయి. ఇంకా పదిహేడు రోజులుంది.

నీ చెల్లెలు

*

హాస్టలు, కిటికీ పక్క మంచం
ఆదివారం

చిన్నదానికి,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. రాసి చింపాను, మళ్లీ రాశాను. నెలాఖరు ముందే అందాలని దేవుడికి మొక్కుతున్నాను.

ఫ్యాక్టరీ ఇంక తెరవరు. మరలు అమ్మేశారు. ఆ స్థలం కూడా అమ్మేస్తున్నారు. ఇది కాగితం అంటించక ముందే నాకు తెలుసు. ఎందుకంటే ఆ కాగితం నేనే కొట్టాను.

మేనేజరు చెప్పిన వాక్యంలో ఏడు మాటలే ఉన్నాయి. "ఈ నెల ఒకటో తేదీ నుండి ఫ్యాక్టరీ మూసివేయడమైనది." ఫ్యాక్టరీ అనే దాకా కొట్టాను. అక్కడ వేళ్లు ఆగిపోయాయి. నాన్న గేటు ముందు నిలబడి నిన్ను ముందుకి తోయడం కళ్లకి కట్టినట్టు కనబడింది. నిజంగా అలాగే జరిగిందని తరువాత నువ్వు రాశావు. మూసివేయడమైనది అనే మాట నీ నోటి నుంచి ఆయన వినకూడదు అనుకున్నాను. రెండు వారాల్లో సెలవు దొరుకుతుంది, నేనే వచ్చి పక్కన కూర్చుని మెల్లగా చెబుతాను, అప్పటిదాకా ఒక్క మాట అడ్డం పెడదాం అనుకున్నాను. తాత్కాలికంగా అని కొట్టాను. మేనేజరు చదవకుండానే సంతకం పెట్టాడు. ఆయన ఏదీ చదవడు.

సెలవు దొరకలేదు. దొరికి ఉంటే వచ్చేదాన్నా అని నన్ను నేనే అడుగుతున్నాను.

ముందే చెప్పి ఉండాల్సింది. నువ్వు మొదటి ఉత్తరం రాసిన రోజే చెప్పి ఉండాల్సింది. మన ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేను. నాకు అక్షరాలు వచ్చాయి కాబట్టి నాన్నకి మంచి చేసే మాట ఏదో నాకే తెలుసనుకున్నాను.

నాన్నని కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా వదలొద్దు. తిట్టనీ. సబ్బుల కంపెనీకి వెంటనే వెళ్లమను.

అక్క

*

ఇల్లు
నెలాఖరుకి మూడు రోజులు

అక్కకి,

చదివాను. ఒక్క ముక్క వదల్లేదు. అమ్మ, నానమ్మ, నాన్న ముగ్గురూ ఉన్నారు. నాన్న పాలు పొయ్యి మీద పెట్టి కవ్వం చేతిలో పట్టుకుని విన్నాడు.

అయిపోయాక పాలు పొంగబోతుంటే దించాడు. అప్పుడన్నాడు. "చూశావా, పెద్దది ఎంత పని చేసిందో. నన్ను సబ్బుల కంపెనీకి పంపించాలని తప్పు తన నెత్తి మీద వేసుకుంటోంది. చిన్నప్పుడు నువ్వు కుండ పగలగొడితే తనే పగలగొట్టానని చెప్పేది కదా, ఆ బుద్ధి పోలేదు."

కాదు నాన్నా, నిజంగానే రాసింది అన్నాను. "ఉత్తరం ఎవరైనా ఏదైనా రాయొచ్చమ్మా. గేటు మీదది అచ్చు. కింద సంతకం ఉంది, ముద్ర ఉంది. ఆఫీసు కాగితంలో ఒక ఆడపిల్ల తన ఇష్టం వచ్చిన మాట దూరుస్తుందా? దూరిస్తే పెద్దపెద్దవాళ్లు చూస్తూ ఊరుకుంటారా? లోకం అంత అన్యాయంగా ఉందా?" అన్నాడు. నేను నీ ఉత్తరం మళ్లీ చదివాను. ఆయన కవ్వం రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. నురగ వచ్చేదాకా తలెత్తలేదు.

అమ్మ నమ్మింది. గూట్లోంచి కప్పులు తీసేటప్పుడు నీ నీలం కప్పు బోర్లించి పక్కన పెట్టింది. నాన్న అది చూసి, మళ్లీ నిలబెట్టి, అన్నిటికన్నా ముందు దాంట్లోనే పోశాడు. నేను తాగలేదక్కా. తెల్లారేసరికి పైన తొక్క కట్టి ఉంది.

నిన్న లారీలు వచ్చాయి. నాన్న తిప్పిన మరని లారీ ఎక్కించారు, రాళ్లతో సహా. వీధి వీధంతా గేటు దగ్గర నిలబడి చూసింది. ఒక్కడు కూడా అడ్డం పడలేదు. "మరమ్మతుకి తీసుకెళ్తున్నారు" అని నాన్న అందరికీ చెప్పాడు. లారీవాడితో, "ఒరేయ్, కింద గోనెలు వేసి కట్టు, రాయి బీటలు వారితే మళ్లీ దొరకదు" అని తనే పైకెక్కి తాడు బిగించాడు.

ఆ తాడు ఆయన బిగిస్తుంటే నేను చూడలేకపోయాను.

నీ చెల్లెలు

*

ప్రధాన కార్యాలయం, టైపు గది
పని మొదలవక ముందు

చిన్నదానికి,

అచ్చు మాటనే నమ్ముతాడంటే అచ్చులోనే చెబుదాం అనుకున్నాను. అదే కాగితం మీద, అదే టైపు మరతో కొత్త ప్రకటన కొట్టాను. తాత్కాలికంగా ఉన్న చోట శాశ్వతంగా అని పెట్టాను. మేనేజరు దగ్గరికి తీసుకెళ్లి పాత కాగితంలో పొరపాటు పడిందని, అది నాదేనని చెప్పాను.

ఉద్యోగం పోతుందనే వెళ్లాను. ఆయన నవ్వాడు. "ఆ మాట నువ్వు వేసిందా అమ్మాయ్? నేనేదో పైవాళ్లు వేయించారనుకున్నాను. ఆ ఒక్క మాట వల్ల గేటు దగ్గర ఒక్క రాయి కూడా పడలేదు. మరలన్నీ పెళ్లివారు బయల్దేరినట్టు బయటికొచ్చాయి" అన్నాడు. కొత్త కాగితం మీద సంతకం పెట్టలేదు. మడిచి నా చేతిలోనే పెట్టాడు. తరువాత ఇంకో చిత్తు ఇచ్చాడు. ఇంకో ఊళ్లో మన కంపెనీ బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉంది కదా, దానికి. "ఇందులో కూడా ఆ మాట వెయ్యి" అన్నాడు.

వేశాను.

ఎందుకు వేశావని అడక్కు. వెయ్యనని అంటాననే అనుకున్నాను. ఆయన ముందు నిలబడి ఉన్నాడు, వేళ్లు వాటంతట అవే కొట్టేశాయి. ఆ ఊళ్లో ఆ కాగితం ముందుకి ఏ అమ్మాయిని తోశారో తెలియదు.

సంతకం లేని కాగితం దీంతో పంపుతున్నాను. నాన్నకి చూపించు. నేను వచ్చే శనివారం బయల్దేరి వస్తున్నాను. నా నోటితో చెబితే నమ్ముతాడు. కాళ్ల మీద పడతాను.

నాన్న ఎలా ఉన్నాడు? నీ ఉత్తరంలో ఆ ఒక్కటే రాయలేదు.

అక్క

*

ఇల్లు, వంటింటి గట్టు
శనివారం

అక్కకి,

కాగితం చూపించాను. నాన్న వేలు పెట్టి ఒక్కో అక్షరం తడిమాడు. "ఇందులో నా మాట లేదే" అన్నాడు. కింద చూశాడు. "ముద్ర లేదు, సంతకం లేదు. పాపం పెద్దది, నా కోసం ఎంత తంటాలు పడుతోంది" అని మడిచి దేవుడి పటం వెనక పెట్టాడు.

నువ్వు వస్తానన్నావు. రావద్దనను, ఇది నీ ఇల్లు. నువ్వు ఎదురుగా కూర్చుని ఏడిస్తే నమ్ముతాడు కూడా. నమ్మి ఏం చేస్తాడో నువ్వే చెప్పు. సబ్బుల కంపెనీకి నిన్న నేనే వెళ్లాను. గేటు మీద బోర్డు ఉంది, నేనే చదువుకున్నాను, పనులు లేవని. పొట్టి మేస్త్రి బయటికొచ్చి, "మీ నాన్నని అడిగానని చెప్పు" అన్నాడు, నా ముఖం చూడలేక. మన ఫ్యాక్టరీ గోడలు సగం పడగొట్టారు. గేటు మాత్రం ఉంది. కాగితం వానకి తెల్లబడింది, దాని మీద ఇప్పుడు ఏమీ లేదు. నాన్న దాని ముందు నిలబడి చదువుతాడు.

వీధిలో ఇప్పుడు అందరికీ తెలిసింది, తెరవరని. ఆ మాట రాసినవాడి చెయ్యి పడిపోవాలని పంపు దగ్గర శాపనార్థాలు పెడుతున్నారు. నేను బిందె నింపుకుని వచ్చేస్తాను. నాన్న ఒక్కడే, "అలా అనకండి, రాసినవాళ్లకి ఏం కారణం ఉందో" అంటాడు. ఎవరిని అంటున్నాడో తెలిసే అంటున్నాడా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. అడగను. నువ్వూ అడక్కు.

అక్కా, ఆయనకి మర లేదు, పని లేదు, తోటివాళ్లు పలకరించడం మానేశారు. నువ్వు పెట్టిన ఆ మాట ఒక్కటే మిగిలింది. వచ్చి దాన్ని కూడా పట్టుకుపోతానంటే నీ ఇష్టం.

ఎనిమిదో గీత ఇవాళే. సగం గీతలు చేసి పొడిగించాడు, ఇంక పొడిగించడానికి లేదు. పలక కట్టిన కాగితాన్ని కూడా కత్తితో గీకాడు. నీళ్లు ఎక్కువ, పాలు తక్కువ. రంగు రాలేదు. అయినా మెదపాల్సినంత మెదిపాడు, రెండు వేళ్లతో ఉప్పు వేశాడు, పైనుంచి సన్నగా ధార కట్టి పోశాడు. ఐదు కప్పులు. నానమ్మ ఒక గుక్క తాగి, "ఏమిట్రా, కప్పు కడిగిన నీళ్లా?" అంది. వెంటనే నాలుక కరుచుకుంది. తరువాత మొత్తం తాగేసి, "వేడిగా మాత్రం బాగుంది" అంది. అమ్మ నీ కప్పు ముట్టుకోలేదు, బోర్లించనూ లేదు.

నాన్న ఎలా ఉన్నాడని అడిగావు. ఆ ముక్క నాన్నకి చదివి వినిపించాను. "దానికి జవాబు నేను రాస్తా, నువ్వు పక్కకి జరుగు" అని కలం లాక్కున్నాడు. కాగితం మీద కలంతో రాయడం ఇదే మొదలు. చాలాసేపు పట్టింది. నేను చెయ్యి పట్టుకోలేదు, చెప్పలేదు. ఈసారి క వత్తు మరిచిపోలేదు.

తాత్కాలికంగా